పొగ ఎటు పోతుంది?

2021 జనవరిలో ఒక వెబ్ పత్రికలో నేనో వ్యాసం రాశాను. వెర్మాంట్‌లో కొన్న పాత ఇంట్లో కట్టెల స్టవ్ వెలిగించుకుని, దాని ముందు కూర్చుని రాసిన వ్యాసం. బయట మోకాలి లోతు మంచు, లోపల మంట, పక్కన కాఫీ, ఒళ్ళో పుస్తకం. ఇన్ని అమరాక ఊరు గుర్తు రాకుండా ఉంటుందా? వచ్చింది. మా అమ్మ కట్టెల పొయ్యి మీద ఒక పేరా రాశాను. ఆ పొయ్యి మీద ఉడికిన అన్నానికి సన్నటి పొగవాసన ఉండేదనీ, అలాంటి అన్నం మళ్ళీ ఎక్కడా తినలేదనీ ఆ పేరాలో చివరి వాక్యం. చదివిన స్నేహితులు ఆ వాక్యం గురించే మెసేజ్‌లు పెట్టారు. నాకూ అదే బాగా నచ్చింది.

దాదాపు రెండేళ్ళ తర్వాత మా ఇంటికొచ్చిన అమ్మకి మా ఆవిడ ఆ వ్యాసం చదివి వినిపించింది. అమ్మ బీన్స్ తుంచుతూ వింది. ఆ పేరా అయిపోయాక, “అన్నం అంత బాగుండేదా?” అంది. “నాకు తెలీదమ్మాయ్. నేను తినే యాళకి ముక్కు పని చేసేది కాదు.”

ఎత్తిపొడుపు కాదది. తనకి తెలియని విషయం ఒకటి ఇప్పుడే తెలిసినట్టు అంది, మళ్ళీ బీన్స్ తుంచుకుంది. నేను లాప్‌టాప్ వెనకాల కూర్చుని వినపడనట్టు నటించాను.

ఆ వాక్యం మార్చమని సంపాదకుడికి రాశాను. వచ్చేసిన వ్యాసాన్ని ఇప్పుడు మార్చడం బాగోదు, కావాలంటే ఇంకోటి రాయండి అన్నారాయన. ఇది ఆ ఇంకోటి.

*

మేం అంతకుముందు న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉండేవాళ్ళం. 2020 వేసవిలో ఆఫీసువాళ్ళు ఇక ఎక్కణ్ణించైనా పని చేసుకోండి అన్నారు. అపార్ట్‌మెంట్ వదిలేసి, వెర్మాంట్‌లో రెండెకరాల స్థలంతో ఉన్న పాత చెక్క ఇల్లు కొన్నాం. సెల్లార్‌లో ఆయిల్‌తో నడిచే బాయిలర్ ఉంది. హాల్లో పోత ఇనుముతో చేసిన నల్లటి స్టవ్ ఉంది. 1973లో చమురు ధరలు పేలాక అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో చాలామంది మళ్ళీ కట్టెల వైపు తిరిగారట. మా ఇంటి పాత ఓనర్లు కూడా ఆ దారిలోనే వెళ్ళినట్టున్నారు. ఇల్లు తనిఖీ చేయడానికి వచ్చినతను స్టవ్ తలుపు తీసి చూసి, “బాగానే ఉంది. ఏటా చిమ్నీ మాత్రం శుభ్రం చేయించుకోండి” అన్నాడు.

ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి తెలుగులో సరైన మాట లేదని ఆ మొదటి చలికాలంలోనే గమనించాను. మనకి ‘చలి కాచుకోవడం’ ఉంది. కాచుకునేది ఒళ్ళు, ఇల్లు కాదు. చలిమంట ఉంది, నెగడు ఉంది, కుంపటి ఉంది. ఇంటినంతా పట్టుకుని వెచ్చగా ఉంచాల్సిన అవసరం మనకెప్పుడొచ్చింది కనక, మాట ఎందుకుంటుంది అనుకున్నాను. ఈ పరిశీలన కూడా ఆ వ్యాసంలో పెట్టాను. అదీ తప్పేనని తర్వాత తేలింది.

ఇక్కడ కట్టెల్ని ‘కార్డ్’ లెక్కన అమ్ముతారు. 4 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు పేర్చితే ఒక కార్డ్, అంటే 128 ఘనపుటడుగులు. మాకు చలికాలానికి మూడు కార్డులు పడుతుంది. మొదటి ఏడాది ఎండినవే అని నమ్మి కొన్న కట్టెలు పచ్చివి. మంటలో పెడితే చివర్ల నించి నురగ కక్కుతూ బుస్సుమనేవి. స్టవ్ అద్దం అరగంటలో నల్లబడేది. పక్కింటి పెద్దాయన వచ్చి రెండు కట్టెలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టి చూపించాడు. ఎండిన కట్టె టంగుమని మోగుతుంది, పచ్చిది దబ్బుమంటుంది. నేను మర్నాడే తేమ కొలిచే మీటర్ కొన్నాను. 20 శాతం లోపుండాలి. మేపుల్, ఆష్, బర్చ్ ఒక ఏడాది ఎండితే చాలు, ఓక్‌కి రెండేళ్ళు కావాలి. కొట్టిన తేదీ, కొలిచిన తేమ, పేర్చిన వరస అన్నీ స్ప్రెడ్‌షీట్లో పెట్టాను. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, మంట వేసినా దానికో డాష్‌బోర్డ్ ఉండాలి.

అసలు మంట ఎలా పని చేస్తుందో తెలుసుకోవడం నాకు అన్నిటికన్నా ఎక్కువ సరదా ఇచ్చింది. కట్టె కట్టెలాగా మండదు. వేడెక్కిన కొద్దీ అందులోంచి వాయువులు బయటికొస్తాయి, ముందు మండేవి అవి. మిగిలిన బొగ్గు ఆ తర్వాత నిదానంగా కాలుతుంది. వాయువులు పూర్తిగా మండాలంటే దాదాపు 600 డిగ్రీల వేడీ, సరైన చోట అందే గాలీ కావాలి. ఆ రెండూ దొరక్కుండా తప్పించుకుపోయిందే పొగ. అంటే పొగ అనేది సగంలో ఆగిపోయిన మంట. కాస్త కొత్త స్టవ్‌లలో పైభాగాన చిన్న చిన్న రంధ్రాల్లోంచి వేడిగాలి వదిలి, పైకొచ్చిన పొగని అక్కడే మళ్ళీ మండిస్తారు. అద్దంలోంచి చూస్తే కట్టెలకి పైన, ఏ ఆధారం లేకుండా గాల్లో మంటలు తేలుతుంటాయి. గంటలు గంటలు చూసేవాణ్ణి. 1988లో అమెరికా పర్యావరణ సంస్థ స్టవ్‌ల పొగ మీద పరిమితులు పెట్టాక ఈ డిజైన్లు మామూలైపోయాయి. 2020 నించి అమ్మే కొత్త స్టవ్‌లు గంటకి రెండు, రెండున్నర గ్రాములకి మించి పొగ నలుసులు వదలకూడదు. మాది 1990లలో కొన్నది, ఇంత శుభ్రం కాదు, అంత మురికీ కాదు.

పుస్తకాలు కూడా తోడయ్యాయి. నార్వే రచయిత లార్స్ మీట్టింగ్ 2011లో అచ్చంగా కట్టెలు కొట్టడం, పేర్చడం, ఎండబెట్టడం మీదే ఒక పుస్తకం రాశాడు. అది ఎంత ఆడిందంటే 2013లో నార్వే ప్రభుత్వ టీవీ దాని స్ఫూర్తితో 12 గంటల కార్యక్రమం ప్రసారం చేసింది. అందులో ఎక్కువ భాగం ఒక ఫైర్‌ప్లేస్‌లో మంట మండుతూ ఉండటమే. కట్టెల్ని బెరడు పైకి పెట్టి పేర్చాలా కిందికి పెట్టి పేర్చాలా అని జనం గొడవ పడ్డారు. ‘వాల్డెన్’లో థోరో మొదటి చలికాలం ఫైర్‌ప్లేస్ వాడుకుని, రెండో చలికాలం కట్టెలు కలిసొస్తాయని చిన్న వంట స్టవ్ పెట్టుకున్నాడు. స్టవ్ పెట్టాక మంట కనపడకుండా పోయిందనీ, తోడెవరో వెళ్ళిపోయినట్టుందనీ బెంగపడ్డాడు. ఆ బెంగ నాకు భలే నచ్చింది. మా స్టవ్‌కి అద్దం ఉంది కాబట్టి ఆ తోడు నాకు దొరికిందని కూడా రాసుకున్నాను.

ఇవన్నీ బాగానే ఉన్నాయి. ఇన్ని పేజీల్లో, ఇన్ని గంటల్లో ఒక్క ప్రశ్న నాకు తట్టలేదు. అమ్మ అడిగేదాకా.

*

అమ్మ 2022 నవంబర్లో వచ్చింది. డిసెంబర్ మొదటి వారంలో మా ఆవిడకి డెలివరీ డేట్. బోస్టన్ ఎయిర్‌పోర్టు నించి కార్లో ఇంటికి తెచ్చేసరికి రాత్రయింది. అమ్మకి చూపించాలని స్టవ్ ముందే వెలిగించి పెట్టమన్నాను. లోపలికి రాగానే అమ్మ చెప్పులు విడవకుండానే దాని వైపు చూసింది.

“ఏందిరా, ఇక్కడా పొయ్యేనా?”

“వంటకి కాదమ్మా. ఇల్లు వెచ్చగా ఉండటానికి.”

“పొగెటు పోద్ది?”

గొట్టం చూపించాను. స్టవ్ వెనక నించి పైకి, సీలింగ్‌లోంచి, కప్పు దాటి బయటికి. అమ్మ గొట్టాన్ని కింద నించి పైదాకా చూసింది. చిన్నగా దగ్గి, బ్యాగులోంచి ఇన్‌హేలర్ తీసుకుని పీల్చింది. మర్నాడు పొద్దున శాలువా కప్పుకుని, నా బూట్లు వేసుకుని ఒక్కతే బయటికెళ్ళింది. వంటింటి కిటికీలోంచి చూస్తే పెరట్లో నిలబడి చిమ్నీ వైపు చూస్తోంది. చాలాసేపు చూసింది. లోపలికొచ్చి ఏమీ అనలేదు.

అమ్మకి సిఓపిడి ఉందని 2019లో తెలిసింది. గుంటూరులో ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను, సెలవుల్లో వెళ్ళినప్పుడు. గొట్టంలోకి ఊదించి పరీక్ష చేశారు. డాక్టర్ గారు కాగితం చూస్తూ, “పొగ తాగే అలవాటుందా?” అనడిగారు. అమ్మ సిగ్గుపడి నవ్వింది. “లేదండి.” “ఇంట్లో ఎవరైనా?” “లేదండి.” మాది ప్రకాశం జిల్లా, పొగాకు పండించే ఇల్లు. అయినా మా ఇంట్లో ఎవరూ తాగలేదు. అప్పుడాయన, “కట్టెల పొయ్యి మీద ఎన్నేళ్ళు వండారమ్మా?” అన్నారు.

అమ్మ వేళ్ళ మీద లెక్కేసింది. 1982లో పెళ్ళి. 2000లో డ్వాక్రా గ్రూపు ద్వారా దీపం పథకంలో గ్యాస్ వచ్చింది. కానీ ఆ సిలిండర్ చుట్టాలొస్తే కాఫీ పెట్టడానికే. రోజూ వంట మాత్రం 2006లో స్లాబ్ ఇల్లు కట్టేదాకా కట్టెల మీదే. “ఇరవై నాలుగేళ్ళండి. పుట్టింట్లో వండింది కలపాలా?”

ఆయన కలపమనలేదు. రాసుకున్నారు. నేను ఆ గదిలోనే ఉన్నాను. ఆ ప్రశ్న విన్నాను, జవాబు విన్నాను, ప్రిస్క్రిప్షన్ ఫోటో తీసుకున్నాను. ఏడాదిన్నర తర్వాత పొగవాసన అన్నం గురించి ఆ వాక్యం రాశాను. ఈ రెండూ ఒకే బుర్రలో ఎలా పట్టాయన్నది నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో విమల గారి ‘వంటిల్లు’ కవిత చదివి, హాస్టల్ గదిలో పదిమందికి చదివి వినిపించినవాణ్ణి. తెలుగు కవిత్వంలో వంటగది గురించి అడిగినవాడికీ అడగనివాడికీ లెక్చరిచ్చేవాణ్ణి. నాకు తెలిసిన ఆ ఒక్క వంటగదిలో మాత్రం నేను తినడానికి తప్ప ఎక్కువసేపు కూర్చోలేదు.

ఆ వారం నించి స్టవ్ వెలిగించడం మానేశాం. తలుపు తీసి కట్టె వేసిన ప్రతిసారీ ఎంతో కొంత పొగ గదిలోకి వస్తుంది. నాకు అది కమ్మటి వాసన. ఆ ఊపిరితిత్తులకి కాదు. బాయిలర్ వేసుకున్నాం. ఆయిల్ బిల్లు కట్టుకున్నాం. “నా కోసం ఆపొద్దురా” అని అమ్మ రెండుసార్లు అంది. మూడోసారి అనలేదు.

*

స్టవ్ ఆపేశాక రాత్రిళ్ళు దాని ముందు కూర్చుని చదవడం మొదలుపెట్టాను. ఈసారి వేరే రకం పుస్తకాలు.

కిర్క్ స్మిత్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1980ల మొదట్లో గుజరాత్ పల్లెలకి వెళ్ళి, పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్ళు పీల్చే గాలిని కొలిచాడు. అప్పటిదాకా గాలి కాలుష్యమంటే నగరాలు, ఫ్యాక్టరీలు, కార్లు. వంటిల్లు కూడా కొలవాల్సిన చోటేనని ప్రపంచానికి గట్టిగా చెప్పినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. జీవితమంతా అదే పని చేసి 2020లో పోయాడు, సరిగ్గా మేం ఈ ఇల్లు కొన్న ఏడాది. ఇళ్ళల్లో వంట పొగ వల్ల 2020లో 32 లక్షల మంది చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో రెండు లక్షలకి పైగా అయిదేళ్ళ లోపు పిల్లలు.

నన్ను ఇంతకన్నా ఎక్కువ నిలబెట్టేసింది ఇంకో పేరు. ఎస్.పి. రాజు. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో పని చేసిన ఇంజనీరు. మట్టితోనే కట్టుకోగలిగే, చిమ్నీ ఉన్న పొయ్యి తయారు చేశాడు. 1953లో ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అని పుస్తకం వేశాడు. లక్షల వంటిళ్ళకి పొగ లేకుండా చేయడం ఎలా అన్నదే దాని విషయం. అమెరికా స్టవ్‌ల పొగ మీద మొదటి దేశవ్యాప్త నిబంధన రావడానికి 35 ఏళ్ళ ముందు సంగతి ఇది. అమ్మ పెళ్ళికి 29 ఏళ్ళ ముందు. నేను హైదరాబాద్‌లోనే ఇంజనీరింగ్ చదివాను. ఆ పేరు నాకెవరూ చెప్పలేదు, నేనూ వెతకలేదు. నార్వేవాళ్ళ కట్టెల పేర్పు గురించి మాత్రం అన్నీ తెలుసు.

మరైతే గొట్టం మా ఇంటికెందుకు రాలేదు? 1980లలో ప్రభుత్వమే పొగరాని పొయ్యిలు పంచిందని చదివాను. మా ఊరికి రాలేదేమో అనుకున్నాను. అమ్మని అడగొచ్చు కదా అన్న ఆలోచన నాకు రాలేదు. పుస్తకాల్లో వెతుకుతూనే ఉన్నాను.

*

పాప డిసెంబర్ 7న పుట్టింది. 23న పెద్ద తుఫాను. పొద్దున వాన, మధ్యాహ్నం చెట్లు విరిగేంత గాలి, సాయంత్రానికి ఆ నీళ్ళన్నీ గడ్డకట్టేంత చలి. వెర్మాంట్‌లో వేల ఇళ్ళకి కరెంటు పోయింది, మాకూ పోయింది. ఆయిల్ బాయిలర్‌కి ఆయిల్ ఒక్కటే సరిపోదు, పంపు తిరగాలంటే కరెంటు కావాలి. ఈ సంగతి నాకు ఇంతకుముందూ తెలుసు. కానీ ఇంట్లో పదహారు రోజుల బిడ్డ ఉన్నప్పుడు తెలియడం వేరు. థర్మామీటర్ 21 నించి 18కి, 18 నించి 15కి దిగింది. రోడ్డు మీద చెట్టు అడ్డంగా పడింది. వెళ్ళడానికి చోటు లేదు, వెళ్ళే దారీ లేదు.

“ఎలిగించరా” అంది అమ్మ.

నెలన్నరగా వాడని చిమ్నీ చల్లబడిపోయి ఉంది. చల్లటి గాలి బరువు, గొట్టంలో కిందికి దిగుతూ ఉంటుంది. అలాంటప్పుడు ముందు కిటికీ కొంచెం తెరిచి, న్యూస్‌పేపర్ చుట్టి వెలిగించి గొట్టం మొదట్లో పెట్టి, గాలిని పైకి తిప్పుకోవాలి. నాకు ఇది బాగా తెలుసు. దీని గురించి ఇంకొకరికి సలహా కూడా ఇచ్చాను. కంగారులో అదేమీ చేయకుండా కట్టెలు పేర్చి అగ్గి పెట్టేశాను. పొగంతా వెనక్కి తిరిగి, స్టవ్ ప్రతి సందులోంచీ హాల్లోకి వచ్చేసింది. పొగ అలారం కీచుమని మొదలెట్టింది. నేను తలుపు మూయాలో తీయాలో తెలీక ఊదుతున్నాను, తల తిరిగింది, కళ్ళు మండాయి. వెనక్కి చూసేసరికి అమ్మా పాపా లేరు.

అలారం మొదలవకముందే అమ్మ పాపని అందుకుని పడగ్గదిలోకి వెళ్ళిపోయింది. మా ఆవిడని కూడా పిలిచి, తలుపేసి, కింద సందులో తువ్వాలు కుక్కింది. నేను కిటికీలు తీసి, పేపర్ కాల్చి, పద్ధతి ప్రకారం మళ్ళీ వెలిగించి, గాలి తేటపడేసరికి గంట పట్టింది. తలుపు తట్టాను. “పోయిందా?” అంది లోపలి నించి. “పోయిందమ్మా.” “ఇంకాసేపు ఆగు.”

ఆ రాత్రి అందరం హాల్లోనే పడుకున్నాం. పాప, మా ఆవిడ సోఫా మీద. అమ్మ స్టవ్‌కి దూరంగా, కిటికీ పక్క కుర్చీలో. గంటకోసారి నేను లేచి కట్టె వేస్తున్నాను. ప్రతిసారీ తలుపు నిదానంగా, ముందు వేలెడంత తీసి, గొట్టం లాగుతోందని చూసుకుని అప్పుడు పూర్తిగా తీస్తున్నాను.

“అంత గబుక్కున ఎలా తెలిసిందమ్మా నీకు? పొగ ఇటొస్తుందని?”

“నిన్ను పొయ్యి పక్కన పడుకోబెట్టుకునే వండేదాన్నిగా. ఎప్పుడూ అదే చూసుకునేదాన్ని, పొగెటు పోద్దా అని. గాలి మారితే నీ ఉయ్యాల మార్చాల. నీకెప్పుడూ దగ్గే.”

వచ్చిన రోజు ఆవిడ అడిగిన ప్రశ్న అదే. స్టవ్ చూసిన సంబరమో ఎగతాళో అనుకున్నాను నేను. అప్పటికి పుట్టబోయే పిల్లని ఎక్కడ పడుకోబెట్టాలో చూసుకుంటోంది ఆవిడ.

కాసేపాగి అడిగాను, ఊళ్ళో పొగరాని పొయ్యిలు ఎప్పుడైనా ఇచ్చారా అని.

“ఇచ్చారు. నువ్వు పుట్టకముందు. రాయించుకుందామన్నాను మీ నాయనతో. తాటాకు వంటపాకలో గొట్టమేంది, నిప్పురవ్వ పడితే కొంప తగలబడుద్ది అన్నాడు. అదీ నిజమేగా.”

నిజమే. నాన్న మాటలో తప్పు లేదు. 2015లో పోయిన మనిషి, ఇప్పుడు జవాబు చెప్పుకోవడానికి లేడు కూడా. నేను ఊఁ అని ఊరుకున్నాను. అమ్మ స్టవ్ గొట్టం వైపు చూస్తూ, “ఇది అచ్చం మన బ్యారన్ లాగుంది” అంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు బ్యారన్. ఇన్నాళ్ళూ గుర్తు రాకపోవడమే ఆశ్చర్యం.

వర్జీనియా పొగాకు ఆకుని ఎండలో ఎండబెట్టరు. కిటికీలు పెద్దగా లేని, ఎత్తుగా కట్టిన ఇటుకల గదిలో, కర్రలకి కట్టిన ఆకుని వరసల మీద వరసలుగా వేలాడదీసి, కింద నించి వేడి పెడతారు. పొయ్యి నోరు గోడకి బయట ఉంటుంది. లోపల నేల పొడుగునా రేకు గొట్టాలు తిరుగుతాయి. పొగ ఆ గొట్టాల్లోనే తిరిగి తిరిగి వేడిని గదికిచ్చి, చివర చిమ్నీలోంచి బయటికి పోతుంది. ముందు సన్న వేడి మీద ఆకు పసుపు రంగుకి తిరగాలి. తర్వాత కొంచెం కొంచెంగా పెంచుతూ చివరికి ఈనె కూడా ఎండేదాకా 70 డిగ్రీల దగ్గరికి తేవాలి. అయిదారు రోజులు, రాత్రీ పగలూ. నాన్న బ్యారన్ దగ్గరే మంచం వేసుకుని పడుకుని, లేచి లేచి థర్మామీటర్ చూసుకుంటూ కట్టెలు ఎగదోసేవాడు. నేనూ సెలవుల్లో పక్కలో పడుకునేవాణ్ణి. గోడకి వీపు ఆనిస్తే వెచ్చగా ఉండేది. బ్యారన్‌కి సరుగుడు, సుబాబుల్, లావుపాటి మంచి కట్టె, డబ్బులిచ్చి అడితిలో కొన్నది. వంటింటికి పొగాకు మోళ్ళు, చిల్లకంప, మిగిలిపోయింది ఏదైనా.

అంటే మా ఇంట్లో ఇల్లు వెచ్చబెట్టడం ఉంది. కట్టెలతో, గొట్టంతో, చిమ్నీతో, రాత్రంతా మేలుకుని కాసేంత శ్రద్ధతో ఉంది. తెలుగులో దానికి మాట లేదని రాశాను నేను. మాట ఉంది, బ్యారన్ కాల్చడం అంటారు. కాకపోతే ఆ ఇంట్లో ఉండేది ఆకు.

“గొట్టాలెందుకో తెలుసా?” అంది అమ్మ. “ఆకుకి పొగ తగలకూడదు. తగిలితే వాసనొచ్చుద్ది. బోర్డులో రేటు రాదు.”

అంతే అంది. పాప కదిలితే లేచి వెళ్ళింది. నేను స్టవ్ అద్దంలోకి చూస్తూ కూర్చున్నాను. పొగవాసన తగిలితే రేటు పడిపోయే సరుకు ఒకటి, పొగవాసన ఉంటే కొడుకు వ్యాసం రాసే అన్నం ఒకటి, రెండూ మా ఇంట్లోవే, ఇరవై గజాల దూరంలో.

కరెంటు రెండు రాత్రుల తర్వాత వచ్చింది.

*

ఏప్రిల్లో అమ్మ వెళ్ళేముందు చిమ్నీ శుభ్రం చేయించాను. ఏటా చేయించమన్నా కిందటేడు ఎగ్గొట్టాను. వచ్చినతను కప్పెక్కి పొడుగాటి బ్రష్షుతో తోముతుంటే గొట్టంలో ఇసుక జారుతున్న చప్పుడు. దిగొచ్చి కింద మూత విప్పి బకెట్లోకి ఎత్తాడు. నల్లటి పెళుసు పెచ్చులు, మసి, ముక్కాలు బకెట్. మరీ ఎక్కువేం కాదు, తడి కట్టె వాడినట్టున్నారు మొదట్లో అన్నాడు. ఈ మసి గొట్టంలోనే అంటుకుంటే ఇల్లు కాలిపోయే ప్రమాదం ఉందని మళ్ళీ హెచ్చరించి వెళ్ళాడు.

అమ్మ పాపని ఎత్తుకుని వచ్చి బకెట్ వైపు చూసింది.

“ఎన్నేళ్ళదిరా ఇదంతా?”

“రెండు చలికాలాలదమ్మా. ఈ ఏడాది ఎక్కువ వెలిగించలేదుగా.”

“రెండే?” అంది. పాపని ఆ పక్క భుజానికి మార్చుకుని లోపలికెళ్ళింది.

స్టవ్ తీసేయలేదు. తీసేస్తే ఈ వ్యాసానికి ముగింపు బాగుండేది కానీ, డిసెంబర్ 23 మళ్ళీ రాదని ఎవరు చెప్పగలరు? కరెంటు పోతే అదే దిక్కు. రోజువారీ చలికి బాయిలర్ వాడుతున్నాం, హీట్ పంప్ పెట్టించాలని లెక్కలేస్తున్నాం. స్టవ్ వెలిగించినప్పుడల్లా బయటికెళ్ళి చిమ్నీ పైన చూస్తాను. మంట బాగా అందుకున్నాక పైన పొగ కనపడకూడదు, వేడిగాలి అల్లాడటం మాత్రం కనపడాలి. కనపడితే ఎవరో పీలుస్తున్నట్టే. మా ఇంటికి దిగువన లోయలో ఇంకో ఇల్లుంది. గాలి కదలని చలి పొద్దుల్లో మా పొగ అటే దిగి వాళ్ళ పెరట్లో నిలబడుతుంది. మూడేళ్ళుగా అక్కడే ఉంది ఆ ఇల్లు. వాళ్ళకీ చిన్నపిల్లలున్నారు. గొట్టం పొగని మాయం చేయదు, ఇంకో చోటికి పంపిస్తుంది. ఈ మాత్రం భౌతికశాస్త్రం తేమ మీటర్ కొన్ననాడే నాకు తెలిసి ఉండాల్సింది.

అమ్మ ఇప్పుడు ఒంగోలులో ఉంటోంది. శీతాకాలం మొదలైన దగ్గర్నించీ వారానికోసారైనా అడుగుతుంది, ఇంకా చలిగా ఉందా, కరెంటు పోయిందా అని. స్టవ్ వెలిగించామంటే వెంటనే ఇంకోటి అడుగుతుంది.

“పాపనెక్కడ పడుకోబెట్టారు?”

ఫోన్ తిప్పి చూపిస్తాను.